లేచి నిలబడకూడని చోట

నెల్లూరు

నెల్లూరు స్టేషనులో దిగినవాళ్లం ఇద్దరం, నేనూ పోలయ్యా. మాతో దిగినవి ఇవి: రెండు ఇనప పెట్టెలు, రెండు పరుపు చుట్టలు, మూతి విరిగిన ఒక నీళ్ల కూజా, నా పనిముట్ల సంచి, ఒక టార్చిలైటు, పంజాబులో పోలయ్య తన భార్య కోసం కొన్న ఉన్ని శాలువా. సముద్రం ఒడ్డున ఉండే మనిషికి ఉన్ని శాలువా ఎందుకని దారి పొడుగునా అడిగాను. "ఆడ అందరూ కొంటా ఉండారు, నేనూ కొన్నా" అన్నాడు. అంతకు మించి కారణం లేదు.

ఇద్దరిదీ సైన్యంలో ఒకే సిగ్నల్సు యూనిట్. పోలయ్య పని టెలిఫోను తీగలు లాగడం, నా పని వైర్‌లెస్ సెట్లు బాగుచేయడం. అతను సర్వీసు ముగించుకుని, పూర్తిగా వదిలేసి ఇంటికి వస్తున్నాడు. నా మొదటి ఒప్పందం గడువు దగ్గర పడింది. సెలవు పూర్తికాగానే వెళ్లి, ఇంకొన్నేళ్లు ఉంటానో ఉండనో చెప్పాలి. ఉంటే భుజం మీద ఒక పట్టీ పెరుగుతుంది, పై కోర్సుకు పంపుతారు. ఉండకపోతే నా అన్నం నేను వెతుక్కోవాలి. ఏది మంచిదో ఎంత లెక్క వేసినా తేలలేదు. "ముందు బయట ఎట్టుంటదో కళ్లతో చూడు అబ్బయా, తర్వాత చెప్పుదువు గాని" అని పోలయ్య తనతో లాక్కొచ్చాడు.

బయట ఎలా ఉంటుందో మొదటి పూటే కొంత చూశాను. ట్రంకు రోడ్డులో ఒక రేడియో కొట్టు ఉంది. యజమాని మా తెనాలి మేనత్తకు ఎరిగినవాడు. రిపేరు తెలిసిన మనిషి కావాలని కబురు పెట్టాడు. నేను బాగుచేయగల సెట్ల రకాలు, వాల్వుల నంబర్లతో సహా వరసగా చెప్పాను. ఆయన కాఫీ చల్లార్చుకుంటూ విన్నాడు.

"అయ్యన్నీ సరే గాని, కొట్టుకొచ్చినోళ్లతో కూసోని మాట్లాడతావా?"

"మాట్లాడాలా అండీ?"

"మా ఊళ్లో రేడియో ఇచ్చిపోయినోడు రోజూ వస్తాడు. రేడియో కోసం కాదు, కూసునేదానికి."

"పనిలోకి ఎన్ని గంటలకు రావాలి?"

"కొట్టు తీసినప్పుడు."

"ఎన్ని గంటలకు తీస్తారు?"

"నేను లేచినప్పుడు" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే చెప్పాడు. నాకు ఆ జవాబు ఎక్కడ రాసుకోవాలో తెలియలేదు.

మధ్యాహ్నం హోటల్లో భోజనం. బోర్డు మీద డెబ్బై అయిదు నయాపైసలని రాసి ఉంది. గల్లా దగ్గర మనిషి పన్నెండణాలు అన్నాడు. పక్కనున్న పెద్దాయన ముప్పావలా ఇచ్చి పోయాడు. మూడూ ఒకే మొత్తం. మొలగొలుకుల బియ్యపు అన్నం వేస్తూ వడ్డించేవాడు "పులుసు నిన్నటిదా, ఈ పొద్దుటిదా?" అని అడిగాడు. మా తెనాలిలో నిన్నటి కూర అతిథికి పెడితే ఊరంతా చెప్పుకుంటారు. ఇక్కడ చేపల పులుసు నిన్నటిదైతేనే మర్యాద. మామిడికాయ ముక్క పులుసులో ఒక రాత్రి ఊరాలట. రెండూ వేయించుకుని పోల్చి చూశాను. నిన్నటిదే గెలిచింది.

కృష్ణపట్నం

కృష్ణపట్నం దగ్గర బకింగ్‌హాం కాలువలో ఉప్పు బస్తాల పడవ ఒకటి మద్రాసు వెళ్లడానికి సిద్ధంగా ఉంది. పోలయ్య వాళ్ల కుప్పం పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. కుప్పమంటే చేపలు పట్టేవాళ్ల గుడిసెల ఊరు. బస్సెక్కి సూళ్లూరుపేట మీదుగా వెళ్తే త్వరగా చేరేవాళ్లమే. కానీ ఆ పడవలో పనిచేసే ఆర్ముగం పోలయ్య భార్యకు తమ్ముడు. బావమరిది పడవ ఉండగా బస్సుకు డబ్బు పెడితే పరువు పోతుందని పోలయ్య లెక్క.

ఆర్ముగం మమ్మల్ని చూడగానే బస్తా దించి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏం బావా, తుపాకి తెచ్చినావా?"

"తీగలేసేవాడికి తుపాకెందుకురా?"

"ఓహో. అన్నేళ్లూ తీగలే లాగినావా? అయితే పనికొస్తావు. ఇదో, ఈ తాడు లాగు."

పలకరింపు అంతే. పోలయ్య చొక్కా విప్పి ఒడ్డున తాడు అందుకున్నాడు. గాలి లేనప్పుడు ఈ పడవలను ఒడ్డు మీద నడుస్తూ మనుషులు లాగుతారు. గాలి వస్తే తెరచాప ఎత్తుతారు. చుక్కాని దగ్గర మస్తానయ్య అనే ముసలాయన కూర్చున్నాడు. ఆయన పొద్దున్నుంచి సాయంత్రం దాకా పలికే మాటలు రెండే, "లాగు", "వదులు". సైన్యంలో కూడా ఇంత పొదుపైన ఆజ్ఞలు నేను వినలేదు.

చూస్తూ కూర్చోలేక నేనూ దిగాను. బూట్లతో దిగడం తప్పని ఆర్ముగం చెప్పేలోపే ఒడ్డు బురద నా ఎడమ బూటును మింగేసింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికినా దొరకలేదు.

"పోనీలే సార్, పీతలకు ఇల్లు దొరికింది" అన్నాడు ఆర్ముగం.

"అది గవర్నమెంటు బూటు."

"పీతలు మాత్రం ఎవురివి?"

కాలువ మీద

మాతో ప్రయాణం చేసిన మరో మనిషి సుగుణమ్మగారు. తెల్ల చీర, నల్ల గొడుగు, ఒక తోలు సంచి. నెల్లూరులో మిషను ఆస్పత్రిలో చాలా ఏళ్లు నర్సుగా చేసి మానుకున్నారు. ఇప్పుడు కాలువ వెంబడి ఊళ్లలో పురుళ్లు పోస్తారు. పడవవాళ్లు ఆవిడ దగ్గర కేవు, అంటే పడవ కూలి, తీసుకోరు. మస్తానయ్య మనవడిని ఈ లోకంలోకి తెచ్చింది ఆవిడేనట.

అన్నం ముందు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని, గంజిలో ఉప్పుచేప నంజుకుంటూ నన్ను అడిగారు.

"నువ్వు గూడా మానేస్తా ఉండావా నాయనా?"

"ఇంకా తేల్చుకోలేదండీ. మీరు మానేసినప్పుడు ఎలా ఉండింది?"

"ఆస్పత్రిలో అన్నానికి గంట కొడతారు. బయటికొచ్చినాక మొదటి నెల, గంట వినపడందే ముద్ద దిగేది కాదు."

"తర్వాత?"

"తర్వాత ఆకలైతే తిన్నా."

ఆ మాట గురించి చాలా దూరం ఆలోచించాను. నాకు ఆకలి ఎన్ని గంటలకు వేస్తుందో అప్పటిదాకా నాకు తెలియదు. మెస్ ఎన్ని గంటలకు తెరుస్తారో తెలుసు.

మా కృష్ణా కాలువల్లో పడవ మీద కూర్చుని చెయ్యి ముంచి దోసిలి పట్టి తాగుతాం. ఇక్కడ కాలువ నీళ్లు ఉప్పు. తాగే నీళ్లు కుండల్లో వెంట తెచ్చుకుంటారు. అందుకేనేమో, ఎదురొచ్చే పడవను ఇక్కడ ఎవరూ "బాగున్నారా" అని అడగరు. "నీళ్లుండాయా?" అని అడుగుతారు. ఉన్నాయంటే సంతోషం, లేవంటే పడవలు ఆనించి ఒక కుండ అటు మారుస్తారు. మాకు ఎదురైన పడవలో శ్రీహరికోట అడవి కట్టెలు ఉన్నాయి. ఆ పడవలో సరుగుడు కూడా ఉంది. దాన్ని వీళ్లు సవక అంటారు. మద్రాసులో పొయ్యిలు సగం ఈ కట్టెలతోనే మండుతాయని ఆర్ముగం చెప్పాడు. సగమని ఎవరు కొలిచారని అడిగితే, "మీరు పోయి కొలిచి రాండి సార్" అన్నాడు.

దుగరాజపట్నం

ఇక్కడ సుగుణమ్మగారు దిగారు. ఒడ్డున ఎదురుచూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఆవిడ గొడుగు అందుకుని దాదాపు పరుగు పెట్టించారు. మేం తాటిముంజలు తిన్నాం. అణాకు మూడు ముంజలు, నీళ్లు వొలకకుండా తింటే నాలుగోది ఊరికే. నాకు నాలుగోది రాలేదు.

అక్కడే, పడవ నీడలో కూర్చుని, పోలయ్య తన భయం చెప్పాడు. అప్పటిదాకా ఇతను ఇంటికి వెళ్తున్నాడని మాత్రమే అనుకున్నాను. వెళ్లినా, నీళ్లలో అతనికి చోటు లేదని అప్పుడు తెలిసింది.

సరస్సులో వల కట్టడానికి అనువైన చోట్లను వీళ్లు పాడు అంటారు. ఒక్కో పాడుకు ఒక పేరు. ఏ రోజు ఏ పాడులో ఎవరు వల వేయాలో ఊరికి ఒక వరస ఉంది. మంచి చోటు ఒకడికే దక్కదు, చెడ్డ చోటు ఒకడి నెత్తినే పడదు. అందరూ అన్నిటి గుండా తిరుగుతారు. మా సెంటరులో డ్యూటీ పట్టిక వేసే సుబేదారు దీన్ని చూస్తే టోపీ తీసేవాడు. ఆ వరసలో పెళ్లయిన మగవాడికి ఒక వంతు. పోలయ్య పెళ్లయిన వెంటనే పటాలంలో చేరాడు, వంతు తీసుకోలేదు. తండ్రి వంతు తండ్రితో పోయింది. ఏడాదికి ఒక్కసారి కుప్పం పెద్దలు కూర్చుని కొత్త వంతులు కలుపుతారు. ఆ కూర్చునే రోజు ఎల్లుండి. అది తప్పితే ఏడాదిపాటు ఇంకొకరి వల కింద కూలి చెయ్యాలి.

"అడిగితే ఇస్తారు కదా?" అన్నాను.

"ఇయ్యొచ్చు. ఊళ్లో లేనోడికి ఎందుకని అనొచ్చు."

"అడగడమెట్టాగో గూడా మరిచిపోయింటాడు సార్ మా బావ" అని ఆర్ముగం కలగజేసుకున్నాడు. "మాలో నోటితో అడగరు. తుండు పరిచి దాని మీద కూసోవాల. పెద్దకాపు, అదే మా కుప్పం పెద్ద, జవాబు చెప్పిందాకా లేవకూడదు. లేస్తే నాకొద్దు అన్నట్టే. మా పెదనాయన తేలు కుట్టినా లేవలా."

"నాకు తెలుసులేరా" అన్నాడు పోలయ్య.

"తెలుసంటే చాలదు బావా. కూసోవాల."

సరస్సు

పులికాట్ సరస్సు లోతుగా ఉంటుందని అనుకున్నాను. ఒడ్డు కనుమరుగయ్యే చోట, నీళ్ల నడిమధ్యన, ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటూ నడిచి వెళ్తున్నారు. నడుం దాకానే నీళ్లు. వాళ్లకు కొంచెం అవతల గులాబీ రెక్కల పొడవుకాళ్ల పక్షులు బారు తీరి నిలబడ్డాయి. ఎవరికీ ఎవరితోనూ తొందర లేదు. గెడ వేసి లోతు చూశాను. మళ్లీ వేశాను. ఎక్కడ వేసినా మా పడవ కింద బురద చేతికందేలా ఉంది.

పోలయ్య భార్య మునెమ్మ ఒడ్డునే ఉంది. మొగుణ్ణి చూసి ముందు తమ్ముణ్ణి తిట్టింది. పడవ ఆలస్యమైందట. తర్వాత శాలువా విప్పి చెంపకు ఆనించుకుని చూసింది.

"దీన్ని కప్పుకుంటే ఉడికిపోయి చస్తా."

"చలికాలం కప్పుకుందువులే."

"ఏ ఊరి చలికాలం?"

అంటూనే దాన్ని నాలుగు మడతలు వేసి నాకు కూర్చోవడానికి పరిచింది. నాకు తెలిసి ఆ కుప్పంలో ఉన్ని మీద కూర్చుని పీతల కూర తిన్నది నేనొక్కణ్ణే. కూర ఘాటుకు కళ్ల నీళ్లు వచ్చాయి. "ఉన్నికి చెమటలు పోస్తా ఉండాయి" అంది మునెమ్మ.

కుప్పం

పెద్దలు కూర్చున్నది వలలు ఆరవేసే పందిరి కింద. మగవాళ్లు ఇసుకలో వరసలుగా, ఆడవాళ్లు తాటాకు దడి అవతల. అతిథినని నన్ను ముందు వరసకు పక్కగా కూర్చోబెట్టారు. పెద్దకాపు మనిషి పొట్టి, గొంతు మాత్రం అవతలి ఒడ్డుకు వినపడే గొంతు. గాలి మీద పడవలకు కేకలు వేసి అలా అయిందట.

పోలయ్య తుండు పరిచి కూర్చున్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు, పంచె కట్టుకున్నాడు. ముందు వేరే తగవులు నడిచాయి. ఒకడి పడవ ఇంకొకడి వలను చీల్చింది. దాని మీద అరుపులు, మధ్యలో నవ్వులు, ఆకు వక్క. నేను ఎవరు ఎవరికి ఏమవుతారో తెలుసుకునే పనిలో ఉన్నాను. అప్పుడు పెద్దకాపు ఉన్నట్టుండి తల తిప్పి పిలిచాడు.

"పోలయ్యా!"

పోలయ్య లేచి నిలబడ్డాడు. లేవడం కూడా కనిపించలేదు. కూర్చుని ఉన్నవాడు నిలబడి ఉన్నాడు, అంతే. మడమలు రెండూ కలిశాయి, చేతులు పక్కలకు అంటుకున్నాయి, గడ్డం పైకి లేచింది. "సార్!" అన్నాడు.

పక్కన కూర్చున్న ముసలాయన ఒంగి పోలయ్య తుండు తీసి, ఇసుక దులిపి, మడిచి అతని చేతికిచ్చాడు. అడగడం అయిపోయిందని దాని అర్థం. దడి అవతలి నుంచి మునెమ్మ గొంతు వినిపించింది: "ఓరి దేవుడా! కూసో, కూసో!"

పోలయ్య ముఖం చూశాను. తాను లేచాడని అతనికి అప్పుడే తెలిసినట్టుంది. తుండు పట్టుకుని, కూర్చోవాలో నిలబడాలో తెలియక, మోకాళ్లు సగం వంచి ఆగిపోయాడు.

ఆర్ముగం వెనక వరసలో కూర్చునే అరిచాడు.

"పెద్దకాపూ! లేచింది మా బావ కాదు. పటాలం లేచింది."

నవ్వులు. పెద్దకాపు నవ్వలేదు.

"పటాలానికి మనం వంతు ఇయ్యం గదరా."

"ఇయ్యొద్దు. అది పోయినాక మనిషిని అడగండి."

"పోయిందని ఎట్టా తెలస్తది?"

తుండు మడిచిన ముసలాయనే అన్నాడు: "మళ్లా పిలిస్తే సరి."

పెద్దకాపు ఆకు నమిలాడు. "సరే, కూసో" అన్నాడు చివరికి. "పొద్దు గూకేలోపల పిలస్తా. ఎప్పుడని చెప్పను. ఎన్నిసార్లని చెప్పను. లేచినావో, మళ్లా వచ్చే ఏడే."

పోలయ్య తుండు పరిచి మళ్లీ కూర్చున్నాడు. ఈసారి రెండు అరిచేతులూ ఇసుకలో గుచ్చాడు. తగవులు మళ్లీ మొదలయ్యాయి. గంగమ్మ తల్లిని నిలిపిన గుడిసె కప్పుకు తాటాకు ఎవరు తేవాలన్న మాట వచ్చింది. తెస్తానన్నవాడు పోయినేడు తేలేదని ఇంకొకడు లేవదీశాడు. మాట బాగా వేడెక్కిన చోట, సగం వాక్యంలో, పెద్దకాపు గొంతు పేలింది.

"పోలయ్యా!"

పోలయ్య మోకాళ్లు పైకి వచ్చాయి. మెడ నరాలు తేలాయి. చేతులు మణికట్ల దాకా ఇసుకలోకి దిగాయి. లేవలేదు.

నాకు అతని నడినెత్తి కనిపిస్తోంది. కూర్చున్న మనిషి నడినెత్తి కూర్చున్నవాడికి కనిపించదు. నేను నిలబడి ఉన్నాను. ఒంటి బూటు కూడా లేని నా రెండు మడమలూ ఇసుకలో కలిసి ఉన్నాయి.

"ఈయనెవురు?" అన్నాడు పెద్దకాపు.

"బావతో వచ్చినాడు. వైర్‌లెస్సు" అన్నాడు ఆర్ముగం.

"ఈయనకు గూడా వంతు కావాలా?"

"వద్దని ఆయనే చెప్పినాడు గదా. లేచినాడు."

దడి అవతల ఆడవాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వి కూర్చున్నాను. పిలిచింది నా పేరు కాదు. నాకు ఆ ఊళ్లో కావలసిందేమీ లేదు. అయినా నన్ను అడక్కుండా నా కాళ్లు పని చేశాయి. నవ్వు ఆగాక ఆ సంగతి నాకు వింతగా అనిపించింది. తెరిచిన సెట్లో, కనెక్షన్ లేని చోట కరెంటు కనిపిస్తే ఎలా అనిపిస్తుందో అలా.

పొద్దు వాలింది. పెద్దకాపు ఇంకోసారి అరిచాడు, పోలయ్య కదలలేదు. అంతటితో అయిందని అందరూ అనుకున్నారు. మాటలు సద్దుమణిగాయి. అప్పుడు పెద్దకాపు మామూలు గొంతుతో, పక్కింటివాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"పోలయ్యా, ఆ తమలపాకులు ఇట్టా ఇయ్యి."

ఆకుల పళ్లెం నాలుగు బారల దూరంలో ఉంది. మునెమ్మ దడి మీది నుంచి తల బయటికి పెట్టింది. పోలయ్య పళ్లాన్ని చూశాడు, పెద్దకాపును చూశాడు. తర్వాత కూర్చున్నవాడు కూర్చున్నట్టే, తుండును కిందనే పట్టుకుని, ఇసుకలో డేకుతూ పళ్లెం దగ్గరికి వెళ్లాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని మళ్లీ డేకుతూ పెద్దకాపు ముందుకు వచ్చాడు. పందిరి కింద ఇసుకలో వెడల్పాటి చాలు పడింది. నవ్వి నవ్వి కొందరు పడుకున్నారు. పోలయ్య మాత్రం నవ్వలేదు, ముఖమంతా చెమట.

పెద్దకాపు ఒక ఆకు తీసుకుని ఈనె గిల్లాడు.

"కూసోను నేర్చినాడు. కలపండి."

వంతుకు ఒక తాటాకు ముక్క. ముక్క మీద ఇంటికొక గుర్తు కొయ్యడం వాళ్ల పద్ధతి. పోలయ్య వాళ్లింటి గుర్తు వాడక చాలా ఏళ్లయింది. అది రెండు గాట్లా, గాటు పక్కన చుక్కా అని ముసలివాళ్లు కాసేపు వాదించుకుని, చివరికి మునెమ్మను అడిగారు. ఆమె దడి అవతలి నుంచే చెప్పింది. పోలయ్య అప్పుడు కూడా లేవలేదు. ఆర్ముగం వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు. "ఇంక చాలు బావా, ఇసకంతా నువ్వే ఇంటికి మోసకపోతా ఉండావు."

సూళ్లూరుపేట

సూళ్లూరుపేటలో అరవం, తెలుగు ఒకే వాక్యంలో వినబడతాయి. బజారులో చెప్పులు కొన్నాను. కొట్టువాడు అరవంలో ధర చెప్పి తెలుగులో తగ్గించాడు. స్టేషను బయట రొయ్యపప్పు గంపల పక్కన ఇడ్లీలు తిన్నాను, నాలుగిటికి రెండణాలు. ఇడ్లీ మీద కారంపొడి వేస్తారు, నూనె కావాలంటే అడగాలి. మా వైపు అడక్కుండానే నెయ్యి వేస్తారు, అడక్కుండానే లెక్కలో కలుపుతారు.

పోలయ్య బండి ఎక్కించడానికి రాలేకపోయాడు. ఆ రోజు అతనికి పాడు వచ్చింది, మొదటిసారి. వచ్చింది మంచి చోటేమీ కాదు, నాచు ఎక్కువ ఉన్న చోటని ఆర్ముగం చెప్పాడు. అయినా చీకటి ఉండగానే వల భుజాన వేసుకుని పోయాడట.

"మీరేం చేస్తారు సార్?" అని ఆర్ముగం అడిగాడు.

"చూడాలి."

"చూసింది చాల్లే సార్. తుండు కొనుక్కోండి."

సెలవు అయ్యాక యూనిట్‌లో గుమాస్తా పొడిగింపు కాయితం నా ముందుకు తోశాడు. మా కెప్టెన్ మంచివాడు. పై కోర్సు సంగతి మళ్లీ చెప్పాడు. మంచి మెకానిక్‌ను పోగొట్టుకోవడం ఇష్టం లేదన్నాడు. ఆ మాట నిజమే, నాకూ ఆ పని ఇష్టమే. కారణం అడిగితే ఇసుక, పందిరి, తమలపాకుల పళ్లెం ఎలా చెప్పను? నాకు వేసే ఆకలి ఏ వేళకు వేస్తుందో, ఎవరో పిలిస్తే నా కాళ్లు నన్ను అడుగుతాయో లేదో తెలుసుకోవాలని ఉంది. ఇంకొన్నేళ్లు ఆగితే ఆ కుతూహలం కూడా పోతుందేమోనని అనిపించింది. "బయట పని దొరికింది సార్" అన్నాను.

"ఎప్పుడు చేరాలి?"

"కొట్టు తీసినప్పుడు సార్."

ఆయన నా ముఖం కాసేపు చూసి, కాయితం వెనక్కి తీసుకున్నాడు.

ఆ విడతలో మా యూనిట్‌లో పొడిగింపు వద్దన్నవాళ్లం, నాతో కలిపి, నలుగురం.